చెకుముకి తుపాకీతో పిట్టల వేట – 4వ పాఠం: ట్రిగ్గర్ నొక్కాక ఆగని చేయి

మూడో పాఠంలో మందు కొలిచి పోయడం, అట్ట బిళ్ళలు దట్టించడం, గుండ్లు పోసి పైన పల్చటి బిళ్ళ మూత పెట్టడం దాకా వచ్చాం. అవన్నీ కనీసం ఇరవై ముప్పై సార్లు చేత్తో చేసి ఉంటేనే ఈ పాఠం మొదలుపెట్టండి. ఇవాళ్టి నుంచి మన కళ్ళు తుపాకీ మీద ఉండవు, పిట్ట మీద ఉంటాయి. చేతులు వాటంతట అవి పని చేసుకుపోవాలి.

కొత్తగా చేరినవాళ్ళకు రెండు మాటలు. నేను ఉండేది పెన్సిల్వేనియాలో. ఇక్కడ చెకుముకి తుపాకీ మ్యూజియం వస్తువు కాదు. 1974 నుంచి ఈ రాష్ట్రంలో చెకుముకి తుపాకీలతో జింకల వేటకు విడిగా ఒక సీజనే నడుస్తోంది. అందుకే తుపాకీలు, రాళ్ళు, మందు, నేర్పే పెద్దవాళ్ళు అన్నీ దొరుకుతాయి. నాది 20 గేజ్ ఒంటి గొట్టం తుపాకీ. లోపల గాడులు లేవు, నున్నటి గొట్టం. ఈ పాఠాలు వేటకు చట్టం ఒప్పుకునే చోట ఉంటూ, భద్రతా కోర్సు పాసై, లైసెన్సు తీసుకున్నవాళ్ళ కోసం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పిట్టల్ని వేటాడటం నేరం. లైసెన్సు లేని నాటు తుపాకీ ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే. కాబట్టి ఊరికి వెళ్ళినప్పుడు దీన్ని అక్కడ ప్రయత్నించే ఆలోచనే పెట్టుకోవద్దు.

ఇవాళ్టి పాఠమంతా ఒక్క సంగతి మీదే. మీరు ట్రిగ్గర్ నొక్కిన క్షణానికీ, గుండ్లు గొట్టం దాటిన క్షణానికీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో మీ చేయి ఏం చేస్తోంది అన్నదాన్ని బట్టే పిట్ట పడటమో తప్పిపోవడమో ఉంటుంది.

ఆ ఖాళీలో ఏం జరుగుతుంది

ట్రిగ్గర్ నొక్కగానే గుర్రం (రాయిని పట్టుకుని ఉండే సుత్తి లాంటి భాగం) ముందుకు దూకుతుంది. దాని దవడల మధ్య బిగించిన చెకుముకి రాయి ఎదురుగా నిలబడి ఉన్న ఉక్కు పలకను పైనుంచి కిందికి గీరుకుంటూ వస్తుంది. ఆ ఊపుకే పలక ముందుకు పడిపోయి, దాని కింద మూసి ఉన్న పళ్ళెం తెరుచుకుంటుంది. నిప్పురవ్వలు పళ్ళెంలోని సన్న మందు మీద పడతాయి. పళ్ళెంలో వేసే ఈ మందుకు రంజకం అని మంచి పాత తెలుగు మాట ఉంది. ఈ పాఠాల్లో అదే వాడుతున్నాం. రంజకం భగ్గుమంటుంది. ఆ వేడి గొట్టం పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి లోపలికి దూకి అసలు మందును అంటిస్తుంది. ఆ రంధ్రాన్ని మనం చెవి అంటున్నాం. అప్పుడు గానీ తుపాకీ పేలదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నిప్పురవ్వలు రాయిలోంచి రావు. రాయి అంచు ఉక్కు కన్నా గట్టిది కాబట్టి ఉక్కునే సన్నటి పొట్టులా చెక్కేస్తుంది. ఆ చెక్కుడు వేడికి ఉక్కు పొట్టే గాలిలో మండుతుంది. మన పల్లెల్లో చుట్ట ముట్టించుకోవడానికి చెకుముకి రాయి, ఉక్కు ముక్క, దూది సంచిలో వేసుకుని తిరిగినవాళ్ళు వాడుకున్నదీ ఇదే. పదునైన అంచు, గట్టి ఉక్కు ఈ రెండూ ఉంటేనే నిప్పు పుడుతుంది. ఏ ఒక్కటి తగ్గినా గుర్రం ఊరికే టక్కుమంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. లాక్ (గుర్రం, పలక, పళ్ళెం కలిసిన ఈ యంత్రం) బాగా కుదిరిన తుపాకీలో ఈ మొత్తం వ్యవహారం సెకనులో పదో వంతు లోపే అయిపోతుంది. నూరు భాగాల్లో ఏడు భాగాలు అనుకుందాం. మీ ముందు నుంచి అడ్డంగా ఎగిరే ఫెజెంట్ (పొడుగు తోక ఉండే కోడి జాతి పిట్ట) గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. నూరింట ఏడు భాగాల్లో అది దాదాపు ఒక మీటరు ముందుకు జరుగుతుంది. మగ ఫెజెంట్ ముక్కు నుంచి తోక చివరి దాకా సుమారుగా అంతే పొడవు ఉంటుంది, అందులో సగం తోకే. మీరు సరిగ్గా పిట్ట మీద గురి పెట్టి, ట్రిగ్గర్ నొక్కి, తుపాకీని అక్కడే ఆపేశారంటే గుండ్లు వెళ్ళేది తోక వెనక ఉన్న ఖాళీ గాలిలోకి.

ఈ ఖాళీయే తుపాకీల చరిత్రను మార్చింది. స్కాట్లాండులో అబర్డీన్ దగ్గర బెల్‌హెల్వీ అనే ఊళ్ళో అలెగ్జాండర్ జాన్ ఫోర్సైత్ అనే చర్చి ఫాదరీ ఉండేవాడు. బాతుల వేటంటే ప్రాణం. పళ్ళెంలో మంట మెరవగానే నీళ్ళ మీది బాతులు చూసి, గుండ్లు చేరేలోపు మునిగిపోయేవి. ఆ మెరుపు కనబడకుండా చేయాలని ఆయన కొన్నేళ్ళు కుస్తీ పట్టి, దెబ్బకు పేలే రసాయనంతో మందు అంటించే పద్ధతి కనిపెట్టాడు. 1807లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాతి తుపాకీలన్నీ ఆ దారినే నడిచాయి. రెండు వందల ఏళ్ళు రాజ్యమేలిన చెకుముకి తుపాకీ పక్కకు తప్పుకోవడానికి మొదటి కారణం ఒక బాతుల వేటగాడి అసంతృప్తి అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మనం మాత్రం ఆ పాత తుపాకీతోనే, ఆ ఖాళీతోనే, పిట్టను కొట్టడం నేర్చుకుంటున్నాం.

చేయి ఆగకపోతే ఆలస్యం మాయం

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన పేరా ఇదే, రెండుసార్లు చదవండి. పిట్టతో పాటు అదే వేగంతో తుపాకీ కూడా కదులుతూ ఉంటే, లాక్ ఎంత ఆలస్యం చేసినా మీకు నష్టం లేదు. ఎందుకంటే ఆ ఆలస్యంలో పిట్ట ఎంత జరిగిందో గొట్టం కూడా అంతే జరిగింది. ఇక మిగిలేది గుండ్లు గాలిలో ప్రయాణించే సమయం ఒక్కటే. దానికి పిట్ట ముక్కుకు కొంచెం ముందు గురి పెడితే చాలు. ఆధునిక తుపాకీతో కొట్టేవాళ్ళకూ ఆ పని తప్పదు. అంటే చెకుముకి తుపాకీకి పిట్ట ముందు మరీ ఎక్కువ ఖాళీ వదలాలి అనేది అపోహ. వదలాల్సింది ఎక్కువ ఖాళీ కాదు, చేతిని ఆపే అలవాటు.

మా చిన్నాన్న కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. మొన్న సెప్టెంబరులో రెండు రోజులు వచ్చి నా దగ్గర నేర్చుకున్నాడు. మట్టి పళ్ళాలు గాల్లోకి విసిరి కొట్టించాను. ఆధునిక తుపాకీతో పదింటికి ఏడు కొట్టే కుర్రాడు, చెకుముకి తుపాకీతో వరసగా ఎనిమిది తప్పాడు.

"అన్నయ్యా, నేను సరిగ్గా దాని మీదే పెట్టి నొక్కానే!" అన్నాడు.

"నొక్కాక ఎక్కడ చూశావు?"

కొంచెం ఆలోచించి, "పళ్ళెం వైపు. మంట వచ్చిందో లేదో అని" అన్నాడు.

రోగం అక్కడే ఉంది. కళ్ళు పళ్ళెం వైపు తిరగ్గానే మన దవడ తుపాకీ కర్ర మీంచి లేస్తుంది, చేయి ఆగుతుంది. ఆ మూడూ కలిసే జరుగుతాయి. తొమ్మిదోసారి వాడి భుజం వెనక నిలబడి ఒక్కటే చెప్పాను. "పళ్ళెం సంగతి నాకొదిలేయరా. మట్టి పళ్ళెం నేల మీద పడేదాకా గొట్టం దాని వెంట పోతూనే ఉండాలి. పేలినా సరే, పేలకపోయినా సరే." తొమ్మిదోది కూడా తప్పింది కానీ గొట్టం ఆగలేదు. పదోది ముక్కలైంది. పొగ తెర పక్కకు పోయేసరికి వాడు ఇంకా తుపాకీ తిప్పుతూనే ఉన్నాడు. ఆ తిప్పడమే నేను నేర్పాలనుకున్నది.

కదలిక చేతుల్లోంచి రాకూడదు. ఎడమ పాదం (కుడిచేతి వాటం వాళ్ళకు) పిట్ట పడాల్సిన వైపుకు ఉండాలి, మోకాళ్ళు కొంచెం వదులుగా ఉండాలి, నడుము తిరగాలి. తిరగలి తిప్పే మనిషిని చూశారా? చేయి తిప్పుతున్నట్టు కనిపిస్తుంది గానీ ఒళ్ళంతా కదులుతుంది. అలా కదలాలి. చేతులతోనే తిప్పితే తుపాకీ ఊపు మధ్యలో బిగుసుకుని ఆగిపోతుంది.

ఆలస్యాన్ని తగ్గించే పనులు

చేయి ఆగకపోతే ఆలస్యం నష్టం చేయదన్నాను. అయినా ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఒకసారి టక్కున పేలి, ఇంకోసారి "టక్... ఫుస్స్... ఢాం" అని పేలే తుపాకీతో ఎంతటివాడూ లయ పట్టుకోలేడు. నిలకడ కోసం మూడు చోట్ల శ్రద్ధ పెట్టాలి.

మొదటిది రాయి. రాయి అంచును బొటనవేలి గోరు మీద మెల్లగా అడ్డంగా జరపండి. గోటిని పట్టుకుని సన్నటి తెల్లపొడి లేపితే పదునుంది. జారిపోతే లేదు. దవడల మధ్య రాయిని ఉత్తిగా బిగించకూడదు. మెత్తటి తోలు ముక్కలో చుట్టి, వెనక మరకు తగిలే చోట తోలుకు చిన్న గాటు పెట్టాలి. గుర్రాన్ని సగం ఎత్తి పలక మూసినప్పుడు రాయి అంచు పలకకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో, పలకకు సమాంతరంగా ఉండాలి. ఒక మూలే తగులుతుంటే ఆ మూలే అరిగి, సగం నిప్పే వస్తుంది. తోలు కొత్తదైతే మొదటి నాలుగైదు దెబ్బలకు అణిగి రాయి వదులవుతుంది. అప్పుడు మర మళ్ళీ బిగించాలి. చాలామంది ఇది మర్చిపోయి లాక్‌ను తిట్టుకుంటారు. ఈ పని ఖాళీ తుపాకీ మీదే, పళ్ళెం తుడిచేశాకే చేయండి. ఇంగ్లండులోని బ్రాండన్ ఊరి నల్లరాయి, ఫ్రాన్సు నుంచి వచ్చే తేనెరంగు రాయి రెండూ బాగుంటాయి. నేను నల్లరాయి వాడతాను. ఒకటి ఎన్ని దెబ్బలు వస్తుందన్నది లాక్ మీద ఆధారపడుతుంది కాబట్టి లెక్క పెట్టకండి, గోరును నమ్మండి.

రెండోది రంజకం. కొత్తవాళ్ళు పళ్ళెం నిండా గోపురంలా పోస్తారు. ఎక్కువ పోస్తే ఎక్కువ మంట, తొందరగా పేలుతుంది అని వాళ్ళ లెక్క. జరిగేది తలకిందులు. పళ్ళెంలో మూడో వంతు, మహా అయితే సగం చాలు. బాగా సన్నగా ఉండే నాలుగు ఎఫ్‌ల రకం మందు (ఎఫ్‌లు పెరిగేకొద్దీ మందు సన్నగా ఉంటుంది) పళ్ళేనికే వాడండి, గొట్టంలో పొయ్యకండి. గొట్టంలోకి రెండు లేదా మూడు ఎఫ్‌ల రకం. ఒక మాట గుర్తుంచుకోండి: అసలైన బ్లాక్ పౌడరే కావాలి. దానికి బదులుగా షాపుల్లో అమ్మే పైరోడెక్స్ లాంటివి అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి. చెకుముకి నిప్పుకు అవి సరిగ్గా అందుకోవు.

మూడోది చెవి, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. చెవి వ్యాసం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. అందులో మందు కూరుకుపోయి ఉంటే ఏమవుతుందో సీమటపాకాయ వత్తి అంటించి పరిగెత్తిన ప్రతి ఒక్కరికీ తెలుసు. వత్తిలో మందు ఒక రేణువు తర్వాత ఒకటి కాలుకుంటూ వెళ్తుంది. అందుకే మనకు పరిగెత్తే టైమ్ దొరుకుతుంది. తుపాకీ చెవిలో అదే జరిగితే ఆ టైమ్ పిట్టకు దొరుకుతుంది! చెవి ఖాళీగా ఉంటే మంట వేడి ఒక్క దూకుడులో లోపలి మందును తాకుతుంది. నేను చేసే పని ఇది: గొట్టంలో మందు పోయడానికి ముందే చెవిలో టర్కీ కోడి ఈక కాడ ఒకటి దూర్చి ఉంచుతాను. దట్టించడం అంతా అయ్యాక, రంజకం వేసే ముందు దాన్ని మెల్లగా తిప్పుతూ లాగేస్తాను. లోపలి మందులో కాడ మందాన చిన్న గూడు మిగులుతుంది. ఆ గూడే మంటకు దారి. ఇంకో లాభం కూడా ఉంది. ఈక చెవిలో నిలబడి ఉందంటే తుపాకీలో ఇంకా రంజకం పడలేదని దూరం నుంచే తెలుస్తుంది.

వానాకాలపు గాలి, మంచు పట్టిన ఉదయం అయితే అరగంటకోసారి పాత రంజకం ఊదేసి, పళ్ళెం గుడ్డతో తుడిచి, కొత్తది వేయండి. తేమ తాగిన రంజకం బూడిదరంగు ముద్దలా అవుతుంది, చూడగానే తెలిసిపోతుంది. లాక్ మీద తోలు తొడుగు వేసుకుంటే కొంత నయం.

సాధన

మొదటి వారం ఇంట్లోనే. తుపాకీ ఖాళీగా ఉందని రామ్‌రాడ్ (మందు దట్టించే పొడుగాటి కడ్డీ) గొట్టంలోకి దించి, దాని మీద ఖాళీకి పెట్టుకున్న గీత గొట్టం మూతికి సమంగా వచ్చిందో లేదో చూసుకోండి. ఈ గీతలు పెట్టుకోవడం రెండో పాఠంలోనే చెప్పాను. ఇంకా పెట్టుకోని వాళ్ళు ఇప్పుడే పెట్టండి. ఖాళీకి ఒక గీత, పూర్తిగా దట్టించినప్పటికి ఒక గీత. తర్వాత గుర్రం దవడల్లోంచి రాయి తీసి, అంతే పరిమాణంలో చెక్క ముక్క బిగించండి. ఉక్కు పలక అరగదు, నిప్పు రాదు. గోడ పైన, పైకప్పు అంచు వెంట చూపు తిప్పుతూ తుపాకీ భుజానికి ఎత్తి, తిప్పుతూ, నొక్కి, నొక్కిన తర్వాత ఇంకో రెండు అడుగుల మేర తిప్పుతూనే ఉండండి. రోజుకు ముప్పై సార్లు. విసుగు పుడుతుంది, అయినా చేయండి.

రెండో వారం షూటింగ్ రేంజిలో. గొట్టం ఖాళీగానే ఉండాలి, పళ్ళెంలో మాత్రం రంజకం వేయండి. కళ్ళద్దాలు తప్పనిసరి. మీ కుడి పక్కన ఎవరూ నిలబడకూడదు. పళ్ళెంలోంచి మంట పక్కకు అడుగు దూరం చిమ్ముతుంది, అసలు మందు ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. ఎడమ పక్క నుంచి ఎవరినైనా ఫోనులో మీ మొహం వీడియో తీయమనండి. చూసుకుంటే మీకే తెలుస్తుంది, మంట లేచినప్పుడు రెప్ప పడుతోందో లేదో, దవడ కర్ర మీంచి లేస్తోందో లేదో. నాకు రెప్ప పడటం మానడానికి ఒక వేసవి పట్టింది.

మూడో వారం మట్టి పళ్ళాలు. ముందు ఎదురుగా దూరంగా పోయేవి, తర్వాత వాలుగా పోయేవి, ఆఖరున అడ్డంగా పోయేవి. ఈ వరస తప్పించకండి.

ఎంత దూరం?

ఇది నేర్చుకోవడానికి నేను ఒక పిట్టను బలిపెట్టాను. నా మూడో సీజనులో, నవంబరు చివర, కోసేసిన మొక్కజొన్న చేను అంచున ఒక మగ ఫెజెంట్ లేచింది. అప్పటికే నలభై అడుగుల పైన, ఇంకా దూరమవుతోంది. నేను నొక్కేసరికి నలభై గజాలు ఉండొచ్చు. ఒక కాలు కిందికి వేలాడింది. పిట్ట మాత్రం రెక్కలు చాపి జారుకుంటూ చేను దాటి పొదల్లోకి పోయింది. చీకటి పడేదాకా వెతికాను. మర్నాడు పొద్దున్నే కుక్కను అప్పు తెచ్చుకుని మళ్ళీ వెతికాను. దొరకలేదు. ఆ వేలాడిన కాలు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది.

నున్నటి, మూతి దగ్గర ఇరుకు చేయని గొట్టం గుండ్లను తొందరగా వెదజల్లుతుంది. ఆరో నంబరు సీసపు గుండ్లు ఔన్సుకు దాదాపు 225 ఉంటాయి. నలభై గజాల దగ్గర వాటిలో సుమారు 40 శాతమే ముప్పై అంగుళాల వృత్తంలో పడతాయి. మధ్యలో పిట్ట దూరేంత ఖాళీలు ఉంటాయి. ఒకటో రెండో గుండ్లు తగిలి పిట్ట గాయంతో పోతుంది. అందుకే నా గీత 25 గజాలు. అది దాటితే తుపాకీ ఎత్తినా సరే, దించేస్తాను. మీ తుపాకీకి ఎంత దూరమో పెద్ద కాగితాల మీద కొట్టి తేల్చుకోండి. ముందు 15, తర్వాత 20, 25, 30 గజాలు. ప్రతి దూరానికీ మూడేసి కాగితాలు. ముప్పై అంగుళాల వృత్తం గీసి, మధ్యలో తోక లేకుండా పిట్ట ఒళ్ళు ఆకారం వేసి, దానిలో పడ్డ గుండ్లు లెక్కపెట్టండి. మూడు కాగితాల్లోనూ ఐదుకు తగ్గకుండా పడిన ఆఖరి దూరం మీ గీత. ఒక కాగితంలో తొమ్మిది, ఇంకో దానిలో రెండు పడితే సగటు వేసి సంతోషపడకండి. రెండు పడ్డ కాగితమే గాయపడి పోయే పిట్ట.

20 గేజ్‌కు నేను మొదలుపెట్టమనేది 70 గ్రెయిన్ల (మందు కొలిచే చిన్న ప్రమాణం) కొలత మందు, అదే కొలపాత్రతో గుండ్లు, అంటే దాదాపు ఒక ఔన్సు. మీ తుపాకీ తయారీదారు ఇచ్చిన గరిష్ఠ పరిమితి అంతకు తక్కువైతే దానికే కట్టుబడండి. గుండ్లు మరీ వెదజల్లుతుంటే మందు తగ్గించి చూడండి. పెంచడం కన్నా తగ్గించడమే ఎక్కువసార్లు పనిచేస్తుంది.

పొలంలో

నేర్చుకునేవాళ్ళకు మొదటి పిట్ట వుడ్‌కాక్ అయితే మంచిది. మన ఉల్లంకి పిట్టల చుట్టం. పొడుగాటి ముక్కుతో తడి నేలలోంచి వానపాములు లాక్కుని తింటుంది. పొదల కింద ఎండుటాకుల రంగులో కలిసిపోయి, మీరు దాదాపు తొక్కేదాకా కదలదు. లేచేటప్పుడు రెక్కల చివరి సన్నటి ఈకలు కీచుమని ఈల వేస్తాయి. ఆ ఈల వినగానే గుండె ఝల్లుమంటుంది, తుపాకీ ఎత్తేస్తారు. ఎత్తకండి. పిట్ట పొదల పైదాకా మెలికలు తిరుగుతూ నిట్టనిలువుగా లేస్తుంది. పైకి చేరాక ఒక్క క్షణం సర్దుకుని అడ్డంగా తిరుగుతుంది. ఆ సర్దుకునే క్షణం మనది. మొదట్లో తొందరపడి లేస్తున్న పిట్ట కిందికి కొట్టేవాళ్ళే ఎక్కువ.

ఫెజెంట్ కూడా అంతే, కాకపోతే గొంతు చించుకుని అరుస్తూ లేస్తుంది. ఆ అరుపూ, ఆ పొడుగాటి తోకా కలిసి కంగారు పెడతాయి. తోకను చూడొద్దు, మెడ మీది తెల్లటి పట్టీని చూడండి. ఈ పిట్ట అమెరికాది కాదు. షాంఘైలో అమెరికా కాన్సుల్‌గా ఉన్న ఓవెన్ డెన్నీ 1880ల మొదట్లో చైనా నుంచి ఒరెగాన్‌కు పంపించిన పిట్టలు అక్కడ నిలదొక్కుకున్నాయి. పెన్సిల్వేనియాలో వేట శాఖ పెంచి వదిలేవాటికి పెద్దవాళ్ళు విడిగా పర్మిట్ తీసుకోవాలి. వుడ్‌కాక్ వలస పిట్ట, దాని లైసెన్సు వేరు. తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు బట్ట ఉండాలి.

నడిచేటప్పుడు గుర్రం సగం ఎత్తులోనే, మూతి ఆకాశం వైపే. పిట్ట లేచాక, కుక్క ఎక్కడుందో, తోటివాళ్ళు ఎక్కడున్నారో చూసుకున్నాకే గుర్రం పూర్తిగా ఎత్తాలి. భుజానికి ఎత్తుతూ బొటనవేలితో గుర్రం లాగడం ఒకే కదలికగా రావాలి. మొదటి వారం చెక్క ముక్కతో చేసిన సాధన ఇక్కడ అక్కరకొస్తుంది. కొట్టకుండా వదిలేస్తే ముందు మూతి పైకి, తర్వాత పలక తెరిచి రంజకం పారబోయడం, ఆ తర్వాత గుర్రం దించడం. ఈ వరస ఎప్పుడూ మార్చకండి.

నొక్కితే పళ్ళెం మండి తుపాకీ పేలకపోతే గొట్టాన్ని అదే దిక్కుకు, నిర్మానుష్యమైన వైపు పట్టుకుని నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. లోపల రేణువు ఒకటి రాజుకుంటూ ఉండొచ్చు. మొహాన్ని గొట్టం మూతి ముందుకు ఎన్నడూ తేవద్దు. నిమిషం తర్వాత తుపాకీ చెవిని పుల్లతో శుభ్రం చేసి, కొత్త రంజకం వేసి, మళ్ళీ సురక్షితమైన వైపు పెట్టి పేల్చేయండి. ఆ పిట్ట ఎటూ పోయింది, తొందరేముంది?

పేలాక ఇంకో రెండు పనులు. పిట్ట పడ్డ చోటును కళ్ళతో పట్టుకోండి, దగ్గర్లోని చెట్టునో రాయినో గుర్తు పెట్టుకోండి. తుపాకీ మళ్ళీ నింపడం తర్వాత. పిట్ట చేతికి వచ్చాక మీరు నిలబడిన చోటు నుంచి ముందుకు పది పదిహేను గజాలు ఆకులు తొక్కుతూ నడిచి చూడండి. కాలిన బిళ్ళలు అక్కడ పొగలు కక్కుతూ పడి ఉంటాయి. అక్టోబరు ఎండుటాకులకు ఒక్క బిళ్ళ చాలు. ఆ తర్వాత గొట్టంలోకి తడి గుడ్డ ఒకసారి, పొడి గుడ్డ ఒకసారి తిప్పి, అప్పుడే కొత్త మందు పోయండి. మందు డబ్బాలోంచి నేరుగా కాదు, కొలపాత్రతోనే. లోపల నిప్పు మిగిలి ఉంటే అంటుకునేది కొలతంత మందే, డబ్బా అంతా కాదు.

ఇంటికొచ్చాక ఎంత అలసట ఉన్నా అదే రాత్రి గొట్టం వేడి నీళ్ళతో కడగండి. బ్లాక్ పౌడర్ మసి గాలిలో తేమను పీల్చుకుంటుంది, తెల్లారేసరికి తుప్పు ఎర్రగా మొదలవుతుంది. లాక్ విప్పడం, గొట్టం కడిగి ఆరబెట్టి నూనె పట్టించడం ఐదో పాఠం మొత్తం. దానికి ఈలోపు లాక్ మరలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరు ఒకటి, పాత కాటన్ బనియన్లు రెండు, పొడుగాటి గరాటు ఒకటి సిద్ధం చేసి పెట్టుకోండి. స్క్రూడ్రైవరు కొలత కొంచెం తేడా ఉన్నా మర గాడి చెడిపోతుంది, కాబట్టి లాక్ తీసుకెళ్ళి షాపులోనే పెట్టి చూసి కొనండి.